అయిదేళ్ళ ఎత్తులో సున్నపు పట్టీ

మా ముత్తాత నరసింహ భూపతి ఏడుమెట్ల పరగణాకు అధిపతి. మన్యం కొండలు దిగి గోదావరి మైదానం మొదలయ్యే అంచున ఏడు మెట్టలు, అంటే ఏడు వాలుల అడవి, ఆయన ఏలుబడిలో ఉండేవి. మా తాత రామభద్ర భూపతి కాలానికి ఏడింటిలో నాలుగు మిగిలాయి, అయినా రాజమండ్రి కలప అడితీల్లో ఆయన పేరు వినబడితే కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు. మా ముద్ర పడిన దుంగను అక్కడ ఎవరూ తిరగకొలిచేవారు కాదు. చుట్టుకొలత ఇంత అని మా వాళ్ళు చెబితే అంతే. మా నాన్నగారి కాలంలో పరగణా పోయింది, పల్లకీ పోయింది, చివరికి ఒక్క మెట్టా, ఆ కొలత మీద ఉన్న మాటా మిగిలాయి. నేను ఆయనకు ఒక్కగానొక్క సంతానాన్ని. గొప్పకోసం ఇవన్నీ చెప్పడం లేదు. ఇవి చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు.

మొన్న కొత్తగూడలో ఫ్లైఓవరు కింద కూరలు కొనుక్కుని వస్తుంటే, కార్పొరేషన్ మనుషులు రోడ్డు పక్క చెట్లకు సున్నం, ఎర్రమట్టి పట్టీలు వేస్తూ కనిపించారు. ఒకావిడ బకెట్టు పక్కన పెట్టుకుని, వంగే పని లేకుండా తన నడుము ఎత్తులో కుంచె తిప్పుకుంటూ చెట్టు వెంట చెట్టు దాటిపోతోంది. ఏ చెట్టైనా ఆవిడకు ఒకటే. సంచీ చేతిలో బరువుగా ఉన్న సంగతి మరిచి నిలబడిపోయాను. "ఏందమ్మా గట్ల చూస్తున్నవ్? జర పక్కకు రా, చీరకు అంటుతది," అంది ఆవిడ. పక్కకు తప్పుకున్నాను. ఇంటికి వచ్చి కూరలు సర్దుకున్నాక కూడా ఆ తెల్లపట్టీ కళ్ళముందే ఉంది. మన వయసు వాళ్ళకు ఇది మామూలే కదా, కంటి ముందున్నది ఒకటి, కనిపించేది ఇంకొకటి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. వారసుడనుకున్న బిడ్డకు అయిదో ఏడు రాగానే, కార్తీకంలో మెట్ట మీదికి తీసుకువెళ్ళి, పెద్ద చెట్లన్నిటి దగ్గరా ఒక్కొక్కదానికీ వీపు ఆనించి నిలబెట్టేవారు. బిడ్డ రొమ్ము ఎత్తు ఎంతవరకు వస్తే అక్కడ చెట్టు చుట్టూ సున్నంతో పట్టీ వేసేవారు. అలా పట్టీ పడిన చెట్టుకు ఆ బిడ్డ బతికి ఉన్నంతకాలం గొడ్డలి తగలకూడదు. మిగతా అడవి కొట్టుకుని బతికిన మాట నిజమే. ఆ చెట్లు మాత్రం బిడ్డ ఆయుస్సుతో ముడిపడినవి. బిడ్డ పెద్దవాడై పెత్తనం అందుకున్న రోజున మళ్ళీ అలాగే నిలబెట్టి, పెరిగిన రొమ్ము ఎత్తున కొత్త పట్టీ వేసి, అక్కడ తాడు చుట్టి కొలిచేవారు. అదీ ఆ తరానికి చెట్టు కొలత. ఒక చెట్టుకు ఎప్పుడూ ఒక్క పట్టీయే. కొత్తది పడ్డాక పాతదానికి మళ్ళీ సున్నం తగిలేది కాదు, నాలుగు వానలకు అదే పోయేది.

నన్ను నిలబెట్టిన రోజు నాకు లీలగా గుర్తుంది. తాని, మద్ది, బూరుగ, పేర్లు తెలియని ఇంకా ఎన్నో మానులు. మొదలు దగ్గర వేళ్ళు రెక్కల్లా విచ్చుకుని, నేను ఆ రెక్కల మధ్య దూరి నిలబడితే రెండు వైపులా గోడలున్నట్టు ఉండేది. బెరడు వీపుకు గుచ్చుకుని నేను ముందుకు వంగితే నాన్నగారు భుజాలు పట్టి వెనక్కి నెట్టి, "వెన్ను నిటారుగా పెట్టు అమ్మాయీ, నువ్వు వంగితే కొలత వంగుతుంది," అన్నారు. మా బాబాయిగారు కాస్త ఎడంగా నిలబడి ఉన్నారు. ఆడపిల్ల పేర పట్టీ ఏమిటని ఆయనకు కష్టం. "రేపు ఏ ఇంటికి పోతుందో తెలియని పిల్లకు అడవి కట్టబెడతావా అన్నయ్యా," అని అందరూ వినేటట్టే అన్నారు. నాన్నగారు సున్నపు ముంత పట్టుకున్న మనిషిని తరవాతి చెట్టుకు నడవమన్నారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు నేను కుర్చీలో కూడా వెనక్కి వాలి కూర్చున్నది లేదు. ఆఫీసులో వెనకాల 'మహారాణి మేడం' అనేవారట. అననిచ్చాను.

పెరిగాక నా పట్టీ పైకి జరగలేదు. అప్పగించడానికి పెత్తనం అంటూ ఉంటే కదా నిలబెట్టి కొలవడానికి. మిగతా మూడు మెట్టలూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఉన్న ఒక్క మెట్ట మీద మాత్రం నాన్నగారు ఏటా కార్తీకంలో అదే చోట, అదే ఎత్తున, మళ్ళీ మళ్ళీ సున్నం వేయించేవారు. నాకు పెళ్ళై, మావారి ప్రభుత్వోద్యోగం వెంట హైదరాబాదు వచ్చి, తలలో వెంట్రుకలు తెల్లబడుతున్నా ఆ మెట్ట మీద నా వయసు అయిదేళ్ళే.

హైటెక్ సిటీ అప్పటికి ఇంత లేదు. మాదాపూర్ దాటితే రాళ్ళగుట్టలు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి అద్దాల మేడ. మధ్యాహ్నం పూట ఎక్కడో గుట్ట పేల్చితే మా ఆఫీసు కిటికీ అద్దాలు గలగలమనేవి, అక్కడ పనిచేసే కోస్తా పిల్లలు, సీమ పిల్లలు తలెత్తి చూసి మళ్ళీ కంప్యూటర్ తెరల్లోకి దూరేవారు. భూగోళశాస్త్రం చదివినందువల్ల నాకు ఒక పటాలు తయారుచేసే సంస్థలో పని దొరికింది. కొత్తగూడ నుంచి షేర్ ఆటోలో వెళ్ళేదాన్ని. డ్రైవరు పక్కన కూర్చోమంటే కూర్చోక తరవాతి ఆటో కోసం నిలబడేదాన్ని, అందువల్ల రోజూ ఆలస్యమే. మా విభాగం పని అడవులకు పటాలు గీయడం. గీయడమంటే సరిహద్దులు గీయడం కాదు, ఏ అడవిలో ఎంత కర్బనం దాగి ఉందో తేల్చడం.

అది చెట్టును కొట్టకుండా తూచే విద్య. మనిషి రొమ్ము ఎత్తున చెట్టుకు టేపు చుడతారు, మొదలు రెక్కలుగా విచ్చుకున్న చెట్టైతే ఆ రెక్కలు ముగిసిన పైభాగాన చుడతారు. ఎత్తు చూస్తారు, ఏ జాతి కలపో రాసుకుంటారు. ఆ మూడూ తెలిస్తే చెట్టు బరువు కట్టవచ్చు. ఎండిన కలప బరువులో ఇంచుమించు సగం కర్బనమే. గాలిలోని పొగను చెట్టు మింగి ఒంట్లో దాచుకున్నది అదేనన్నమాట. అడవంతా కొలవడం ఎవరి తరమూ కాదు కనుక అక్కడక్కడ కొంత మేర ఎంచుకుని అందులోని చెట్లన్నీ కొలిచి, ఆ కొలతలను ఉపగ్రహం తీసిన చిత్రంతో జతపరిచి, కాలు పెట్టని అడవికి కూడా అంచనా కడతారు. కర్బనం తక్కువున్న చోటు పటంలో లేతపసుపు. ఎక్కువవుతున్న కొద్దీ పచ్చన ముదిరి చివరికి నలుపులో కలుస్తుంది. మొదటిసారి ఆ పటం తెరమీద చూసినప్పుడు నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన అడవిని కొట్టి తూచారు. ఆయన మనవరాలు కొట్టకుండా తూచడానికి నెలజీతం పుచ్చుకుంటోంది.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక విదేశీ సంస్థ పని మా దగ్గరికి వచ్చింది. కొండల అంచున సొంతదారుల చేతుల్లో మిగిలిన పాత అడవి తునకలను కొలిపించి, కర్బనం ఒక గీత దాటి ఉన్నవాటికి ఏటా ఇంత అని ఇచ్చి, కొట్టకుండా కాపాడించడం వాళ్ళ ఉద్దేశం. నాన్నగారికి చెప్పాను. ఆయన అప్పటికే మంచం పట్టి ఉన్నారు. మెట్టలో సగం బాబాయిగారిది. ఆ దగ్గరలో నల్లరాయి క్వారీ పెట్టినవాళ్ళు మెట్టకోసం ఆయన చుట్టూ తిరుగుతున్నారు. చందానగర్‌లో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళి విషయం చెబితే ఆయన కాఫీ కప్పు కింద పెట్టి పెద్దగా నవ్వారు.

"కర్బనం అంటే బొగ్గేగా అమ్మాయ్! బొగ్గు కాల్చకుండా బొగ్గు డబ్బులు ఇచ్చే వెర్రివాళ్ళు ఉన్నారంటావా?"

"ఉన్నారండి బాబాయిగారూ."

"సరే. కొలత వచ్చేదాకా ఆగుతాను. గీత దాటితే మెట్ట జోలికి రాను, అన్నయ్య మీద ఒట్టు. దాటకపోతే మాత్రం నువ్వు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కి నాకు ఆచారాలు చెప్పకూడదు."

ఒప్పుకున్నాను. మెట్ట ఉండడం, పోవడం ఆ కొలత మీద ఆధారపడింది. అది మా మెట్ట అని ఆఫీసులో మొదటిరోజే చెప్పాను, ఆ దస్త్రం నా చేతికి రాకుండా వేరేవాళ్ళకు ఇమ్మన్నాను. అడవికి వెళ్ళి కొలిచే బృందానికి పెద్ద నార్సింగి ఆయన. రింగురోడ్డు రాక ముందు వాళ్ళకు అక్కడ చెలక భూములుండేవి, అమ్ముకున్నారు. మోటుగా మాట్లాడినా పని తెలిసిన మనిషి. ఆయన బృందం మెట్టమీద కొలతలు ముగించి వచ్చాక కొన్నాళ్ళకు లెక్క తేలింది. ఆ రోజు నేను ఆఫీసు మెట్లెక్కి లోపలికి రాగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నార్సింగి ఆయన బిస్కట్ల పొట్లం విప్పుతూ, "మేడం, మీ మెట్ట కతర్నాక్ ఉన్నది. అన్నిట్ల ఫస్ట్!" అన్నాడు. పెద్ద తెర మీద మా మెట్ట, చుట్టూ లేతపచ్చ కొండల మధ్య కాటుక బొట్టులా ఉంది. నా జీవితంలో నలుగురి మధ్య కళ్ళు తడవడం అదొక్కసారే.

ఆ తరవాత ఎవరో సరదాకు అక్కడి ఫోటోలు తెరమీద ఒకటొకటే వేశారు. టేపు చుట్టిన ప్రతి చెట్టుకూ ఫోటో తీయడం వాళ్ళ పద్ధతి. తాని చెట్టు, మద్ది చెట్టు, చిన్నప్పుడు నేను దూరిన బూరుగ. ప్రతి చెట్టుకూ తెల్లని పట్టీ, ఆ పట్టీ మీద సరిగ్గా, మడత లేకుండా చుట్టిన టేపు. టేపు పట్టుకున్న మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

నార్సింగి ఆయనను పక్కకు పిలిచి, ఎందుకలా కొలిచారని అడిగాను. తరతరాలుగా కొలతలు సాగే అడవుల్లో ఒకసారి కొలిచినవాళ్ళు చెట్టుకు రంగు పట్టీ వేసి వెళతారు, తరవాత వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే కొలవాలి. లేకపోతే చెట్టు పెరిగిందో, టేపు జారిందో తెలియదు. ఆ నియమం నాకూ తెలుసు.

"పాత పట్టీ ఉంటే దాని మీదనే పెట్టాలె గద మేడం. జర కిందికుందని మాకూ అనిపించింది. వాలు నేల గద, పైకెళ్ళి మట్టి కొట్టుకొచ్చి నేలనే లేచిందేమో అనుకున్నం. మీ నాయినను గూడ అడిగినం. మా కొలత పట్టీలేనండి, మా నాయన కాలంనుంచి ఉన్న పద్ధతేనని చెప్పిండు."

నాన్నగారు అబద్ధం చెప్పలేదు. మంచంలో పడుకుని, ఎన్నో ఏళ్ళకు తన అడవిని కొలవడానికి మనుషులు వచ్చారన్న సంతోషంలో, పట్టీ అంటే ఆయనకు తెలిసిన ఒకే అర్థం చెప్పారు. పిల్లల పట్టీకీ పెద్దల పట్టీకీ తేడా ఉంటుందా అని కొలిచేవాళ్ళు అడగలేదు, ఆయనకు చెప్పాలని తోచలేదు.

"ఆ పట్టీలు నావి," అన్నాను. "అవి చెట్టు కొలతలు కావు. అయిదేళ్ళ పిల్ల కొలతలు."

ఆయనకు వెంటనే అర్థమైంది. రెక్కలు విచ్చుకున్న మొదలు దగ్గర కొలిస్తే చెట్టు ఉన్నదానికంటే ఎంతో లావుగా కనబడుతుంది. లావు కొంచెం పెరిగితే చాలు, బరువు చాలా పెరుగుతుంది. గొంతు తగ్గించి అన్నాడు. "ఎవనికి తెలుస్తది మేడం? గా ఫోటోలు మళ్ల ఎవరు జూస్తరు? నేను గూడ భూమి అమ్ముకున్నోన్నే, చెప్తున్న ఇనుండ్రి. గీత దాటింది, మెట్ట దక్కింది. ఇగ మీరెందుకు పరేషాన్ అయితున్రు?"

ఆయన మేలు కోరే అన్నాడు. కాని మా మెట్ట కొలత ఒక్క మెట్టతో పోయేది కాదు. దాన్ని నమూనాగా పెట్టుకుని చుట్టుపక్కల ఎవరూ కొలవని కొండలన్నిటికీ రంగు వేశారు. ఆ కొలత తప్పితే అక్కడ ప్రతి కొండా తనది కాని పచ్చదనంతో పటంలో నిలబడుతుంది. ఒక మాట ఉన్నదున్నట్టు చెబుతాను, నాకు తట్టింది ముందుగా ఆ కొండలు కూడా కాదు. మా కొలతను ఎవరూ తిరగకొలవరన్న మాట. అది నమ్మే కదా ఆ మనిషి టేపును పట్టీమీద పెట్టాడు.

ఆ సాయంత్రం ఆఫీసు మెట్లమీద నిలబడి నాన్నగారికి ఫోన్ చేశాను. చెప్పినదంతా విన్నారు. అవతల నుంచి దగ్గు వినబడింది.

"మన కొలత తిరగకొలవమని మనమే అడగడం ఎప్పుడూ లేదు," అన్నారు దగ్గు తగ్గాక.

"లేదండి."

"అడుగు."

మర్నాడు పై అధికారితో జరిగింది చెప్పాను. నార్సింగి ఆయన తన తప్పేనని తనమీద వేసుకోబోయాడు, నేను వేసుకోనివ్వలేదు. బృందం మళ్ళీ వెళ్ళింది. రెక్కలు ముగిసిన చోట, రొమ్ము ఎత్తు దాటి, నిచ్చెన వేసి మరీ కొలిచారు. కొత్త పటం వచ్చిన రోజు చప్పట్లు లేవు. మా మెట్ట పచ్చగానే ఉంది, మంచి అడవే, ఏ యజమానైనా తలెత్తుకోదగ్గ అడవి. కాని గీత దాటలేదు. గీతకు పెద్ద దూరం కూడా కాదు. దాటలేదు, అంతే. పక్క కొండల రంగు కూడా ఒక వన్నె తగ్గింది.

చందానగర్ వెళ్ళి బాబాయిగారికి నేనే చెప్పాను. ఆయన కోపంగా ఉంటే బాగుండేది. "నీ అంతట నువ్వే చెప్పావా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. "నీ నిజాయితీ తీసుకుపోయి ఏ అడితీలోనైనా పెట్టు అమ్మాయ్, ఎంతకు పోతుందో చూద్దాం," అన్నారు. పిన్నిగారు లోపలినుంచి వచ్చి ఆయనను ఊరుకోమన్నారు. వీధి గుమ్మం దాకా వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆయన వెనకనుంచి మెల్లగా, "మీ తాత కూడా ఇలాగే చేసేవాడు," అన్నారు. తిట్టో మెచ్చుకోలో ఈనాటికీ తెలియదు. మాట ఇచ్చాను కనుక ఆచారం ఊసు ఎత్తకుండా వచ్చేశాను.

ఆ కార్తీకంలో నాన్నగారు మెట్టకు సున్నం వేయించలేదు. ఏటా వచ్చే మనిషి ముంత పట్టుకుని వస్తే ఈ ఏడు వద్దని పంపేశారట. నాకు ఆ మాట చాలా రోజుల తరవాత తెలిసింది. పట్టీ ఉన్న చెట్టుకు గొడ్డలి తగలకూడదు కదా. ఆయన నన్ను ఆ చెట్లనుంచి విడిపించారు, చెట్లనూ నానుంచి విడిపించారు. ఆ మరుసటి వానాకాలంలో అయిదేళ్ళ పిల్ల ఎత్తున ఉన్న ఆ తెల్లదనం నెమ్మదిగా కడుక్కుపోయింది. అది ఆఖరు దాకా పోయాకే నాన్నగారు కన్నుమూశారు.

ఇప్పుడు ఆ విద్య ఎంతో ముందుకు వెళ్ళింది. విమానం నుంచి కాంతి పంపి, అది ఆకుల మీదా నేల మీదా తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అడవి ఎత్తు తేలుస్తున్నారని ఆ అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలు చెబుతుంటారు. టేపు పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగేవాళ్ళు తగ్గిపోయారట. మంచిదే. మోకాళ్ళ మీద కూర్చుని తప్పుచోట కొలవడం ఉండదు. కాని చెట్టుకు వీపు ఆనించి, బెరడు గుచ్చుకుంటుంటే వెన్ను నిటారుగా పెట్టి, నువ్వు ఉన్నంతకాలం ఇది ఉంటుంది అని ఒక బిడ్డకు చెప్పే మనిషి కూడా ఉండడు. మన రోజుల్లో కొలతంటే కొలిచేవాడి ఒళ్ళు అందులో కొంత ఉండేది. మూర, జాన, బార, రొమ్ము ఎత్తు. మనిషిని బట్టి మారేవి కనుక వాటిని నమ్మకూడదని అంటారు. నిజమే. మనిషిని నమ్మితేనే అవి పనిచేసేవి.

కొత్తగూడలో ఆవిడ పట్టీలు వేసుకుంటూ వెళ్ళిపోయిన తరవాత ఆ చెట్లలో ఒకదాని దగ్గరికి నడిచి చూశాను. సున్నం ఇంకా తడిగా ఉంది. నాకు నడుము దగ్గరికి వచ్చింది.

నాన్నగారు పోయిన మరుసటి వేసవిలో నేనూ బాబాయిగారూ కలిసి మెట్టను అమ్మాము. నేల క్వారీవాళ్ళు తీసుకున్నారు. చెట్లు విడిగా రాజమండ్రి అడితీకి వెళ్ళాయి. అక్కడ ప్రతి దుంగనూ తిరగకొలిచి తీసుకున్నారు.